గస్ దగ్గర ఎప్పుడూ ఆసులేనా?

పేకాటంతా అదృష్టమే అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇరవై ఏళ్లకు పైగా రీనో అనే జూదాల ఊళ్లో, నాలుగో వీధి క్లబ్బు వెనక గదిలో పేక పంచుతున్నాను. పంచేవాడు ఆడకూడదు. ఎవరికి ఏమొచ్చినా మొహం కదపకూడదు. కూర్చుని చూడడమే పని. చూసీ చూసీ నాకు అర్థమైందేమిటంటే, మంచి ముక్కలు అటూ ఇటుగా అందరికీ వస్తాయి. భయం అలా కాదు, అది కొందరికే వాటాకి మించి వస్తుంది. మా బల్ల దగ్గర ఆ పెద్ద వాటా లెనోరా టిబ్స్‌ది.

లెనోరా పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరైంది. గళ్ల బీరువా ముందు నిలబడి, కవరు మీద పిన్‌కోడు చూడడం, గళ్లో వేయడం, మళ్లీ చూడడం, మళ్లీ వేయడం. ఆ పనిలోనే మోకాళ్లు అరిగిపోయాయి. మొగుడు ఫ్లాయిడ్ పోయాక ఇల్లు బోసిపోయిందని పొద్దున్నే మా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. పొడుగు మనిషి, కళ్లజోడుకు పూసల గొలుసు. నోరు మాత్రం కత్తెర. ఎవరైనా ఓడిపోయి సణిగితే, ఏడవడానికి బయట మంచి వరండా ఉంది, వెళ్లి ఏడు అనేది. అంత నోరున్న మనిషి, ఎదుటివాడు పందెం పెంచాడంటే చాలు, పిల్లి అయిపోయేది.

మా పొద్దుటి బల్ల అందరూ రిటైరైనవాళ్లదే. లెనోరాకు ఎడంపక్క ఓపల్, ఒకప్పుడు జుట్టు కత్తిరించే షాపు నడిపింది. ఎదురుగా గస్ స్కూరాస్. మాంసం కొట్టు కొడుకుకి అప్పజెప్పి వచ్చి కూర్చున్నవాడు. గస్ గంటకోసారి నోరు తెరిస్తే గొప్ప. ముక్కలు చూస్తాడు, పారేస్తాడు, చూస్తాడు, పారేస్తాడు. ఎప్పుడో ఒకసారి పందెం పెంచుతాడు. అలాంటివాణ్ణి మా వాళ్లు ‘బండ’ అంటారు. బండ కదిలిందంటే కొండ విరిగినట్టే అని అందరూ తప్పుకునేవాళ్లు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. ఒక్కొక్కరికీ రెండు ముక్కలు బోర్లించి ఇస్తాం. ఆ తర్వాత బల్ల మధ్యలో అందరికీ కలిపి ముందు మూడు, తర్వాత ఒకటి, చివర ఇంకొకటి తెరుస్తాం. ప్రతి విడతకీ పందెం ఉంటుంది; అందరూ పారేసి ఒక్కడే మిగిలితే, వాడు ముక్కలు చూపించకుండానే పందెం కుప్ప తీసుకోవచ్చు. నీ రెండూ, మధ్యలోవీ కలిపి ఎవరిది పెద్దదైతే వాళ్లది కుప్ప. జతల్లో ఆసులది పెద్దది, తర్వాత రాజులు, రాణులు, జాకీలు; ఒకేలాంటివి మూడు కలిస్తే ఏ జత కన్నా పెద్దది. ఆరంభంలోనే రెండు ఆసులు వస్తే అంతకు మించిన భాగ్యం లేదు.

లెనోరా రోగం ఏమిటంటే, గస్ పెంచిన ప్రతిసారీ ఆ రెండు ఆసులే కళ్ల ముందు కనబడేవి. ఒకసారి చేతిలో రాణుల జత పెట్టుకుని, గస్ పెంచగానే ఆ రాణులను బల్ల మీద తిప్పి అందరికీ చూపించి మరీ పారేసింది. “నీ దగ్గర ఆసులు. నాకు తెలుసు,” అంది. గస్ తన ముక్కలు బోర్లాగానే నా వైపు తోసి కుప్ప లాక్కున్నాడు. అక్కడ ఆసులున్నాయో, ఆవకాయ జాడీ ఉందో ఎవరికి తెలుసు? దీన్ని మా ఆటగాళ్లు మంచం కింద దయ్యాలు చూసే జబ్బంటారు. తాడును చూసి పామనుకోవడం అందరికీ ఉండేదే. లెనోరాకు తాడు కూడా అక్కర్లేదు.

ఇన్నాళ్లూ ఈ జబ్బుతోనే బండి నడిచింది. ఎందుకంటే మాది హద్దు పందెం. ఎంత పెంచాలో ముందే కట్టుబాటు. భయపడితే కాస్త పోతుంది, పొరపడితే ఇంకాస్త పోతుంది, పొద్దు గడుస్తుంది. ఆ ఏడాది టీవీలో పేకాట పోటీలు చూపించడం మొదలయ్యాక ఊళ్లోకి నల్లకళ్లద్దాల వాళ్లు దిగబడ్డారు. వాళ్లకు హద్దులేని ఆటే కావాలి. ముందున్నదంతా ఒక్క తోపుతో బల్ల మీదకి నెట్టేయొచ్చు. సెప్టెంబరు నుంచి పాత బల్ల ఎత్తేస్తున్నామని మా మేనేజరు గోడ మీద కాయితం అంటించాడు. మొహం మీద చెప్పే ధైర్యం లేక అంటించాడు.

సగంమంది రావడం మానేశారు. ఓపల్ ముందు హాల్లో బొత్తాలు నొక్కే జూదం యంత్రాల దగ్గరికి మారింది. అక్కడ పక్కవాడి పేరు కూడా తెలియదు. ఎవరూ ఎవరినీ వెక్కిరించరు. కాఫీకి పోతూ లెనోరా ఒకరోజు ఓపల్ భుజం తట్టి పలకరిస్తే, ఓపల్ యంత్రం మీంచి చూపు తిప్పకుండానే బావున్నానంది. ఆ రోజు లెనోరా నాతో ఒక మాటంది.

“డెల్, నేను ఆ కుర్చీలో కూర్చుంటే నన్ను నేను గుర్తుపట్టను. ఈ బల్ల పోతే నాకు మాట్లాడేవాళ్లుండరు. ఫ్రిజ్‌తో మాట్లాడాలి.”

కాబట్టి హద్దులేని బల్ల దగ్గరే కూర్చుంది. ఆట డబ్బు వేరు, ఇంటి డబ్బు వేరు అని ఫ్లాయిడ్ ఉండగానే పెట్టుకున్న నియమం ఆవిడది. ఆట డబ్బు అయిపోయిన రోజు లేచి వెళ్లిపోవడమే, పింఛను ముట్టుకునేది లేదు. రెండు వారాల్లో ఆ డబ్బు సగానికి పడిపోయింది. తోసినవాడికల్లా భయపడి తప్పుకుంటుంటే కుప్పలు వాళ్లవి, ప్రతి ఆటకూ ముందు కట్టాల్సిన చిల్లర మాత్రం ఈవిడది. ఒక్కోసారి పౌరుషం వచ్చి నిలబడేది. సరిగ్గా ఆ రోజే ఎదుటివాడి దగ్గర నిజంగానే గట్టి ముక్కలు ఉండేవి.

ఎక్కువగా గెలుచుకుంటున్నవాడు టోబిన్. ఇన్సూరెన్సు కంపెనీలో యాక్సిడెంట్ల తగాదాలు తేల్చే ఉద్యోగం మానేసి, ఇదే బతుకుతెరువు చేసుకున్న నడివయసు మనిషి. నాకు వాడంటే మొదట గిట్టలేదు. ఎంత పెద్ద కుప్ప వచ్చినా ముసలమ్మ దగ్గర గెలిచామన్న మొహమాటమైనా కనబడదు. అలాంటివాడు ఒక మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర లెనోరా పక్క స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఇటుపక్క గుడ్లూ బంగాళాదుంపలూ తింటున్నాను. మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట చెప్తానన్నాడు. అనుకుంటాను, అయినా చెప్పు అంది లెనోరా.

“ఎదుటివాడు పెంచగానే మీరు వాడికి ఒక్క జతే రాసిపెడతారు. అది ఎప్పుడూ మిమ్మల్ని ఓడించేదే. అలా ఒక్కటే అనుకోకూడదండీ. వాడు ఏమేం పెట్టుకుని అలా పెంచుతాడో అన్నీ కలిపి ఎదురుగా పెట్టుకోండి. వాడు పందెం కాసిన ప్రతిసారీ అందులోంచి కొన్ని తీసేయండి. చివరికి మిగిలినవాటిలో మీకు లొంగేవెన్ని, మిమ్మల్ని మింగేవెన్ని, అంతే లెక్క.”

ఇలా మిగిలినదాన్ని వాళ్లు రేంజ్ అంటారని కూడా చెప్పాడు. నేను పెదవి విరిచాను. లెనోరా మాత్రం ఫోర్కు పక్కన పెట్టేసింది. తనను తానే తిట్టుకోవడం మొదలుపెట్టింది. పిన్‌కోడులో మొదటి అంకె ఎనిమిదైతే మా కొండల రాష్ట్రాల్లో ఏదో ఒకటని అర్థం, ఇంకేమీ తెలియదు. రెండోది చూస్తే కొన్ని పోతాయి. మూడోది చూస్తే ఊరి చుట్టుపక్కలకి వస్తాం. మొదటి అంకె చూడగానే ఉత్తరాన్ని ఫలానా వీధి గళ్లో పడేసేదాన్ని మొదటి రోజే ఇంటికి పంపేసేవాళ్లు అంది. ఇన్నేళ్లు అక్కడ ఆ పని చేసి, ఇక్కడికొచ్చి మొదటి అంకె చూసి ఇంటి నంబరు చెప్పేస్తున్నానా అని తల కొట్టుకుంది. రేంజ్ అనే మాట నోరు తిరక్కనో, నచ్చకనో, ఆ రోజు నుంచి దాన్ని ‘మూట’ అంది. ఎవరి మూట వాళ్లది.

అలా చదువు మొదలైంది. నవ్వకండి, చదువే. నా పని మధ్యాహ్నానికి అయిపోతుంది. ఆవిడ వంటింట్లో బల్ల మీద పేక పరిచి, ఇద్దరం కూర్చునేవాళ్లం. నేను నేర్పింది ఏమీ లేదు, నాకూ రాదు. పంచడం చేతనవును కనక పంచేవాణ్ణి. ఆవిడ ముక్కల్ని గుంపులుగా పేర్చేది. ఆసుల జత ఎన్ని రకాలుగా వస్తుంది? నాలుగు ఆసుల్లోంచి ఏ రెండైనా, ఆరు రకాలు. ఒక ఆసూ ఒక రాజూ ఎన్ని రకాలు? పదహారు. ఈ సంగతి తెలిసిన రోజు నిజంగా కోపం తెచ్చుకుంది. ఇన్నాళ్లూ ఆరింటికి భయపడి మిగతావాటిని మర్చిపోయాను కదా అని బల్ల మీద గుద్దితే చక్కెర డబ్బా ఒలికింది. నీ చేతిలో ఒక రాజు ఉంటే ఎదుటివాడి దగ్గర రాజులుండే రకాలు తగ్గిపోతాయి. బల్ల మధ్యలో పది పడితే పదుల జత రకాలు తగ్గిపోతాయి. కళ్ల ముందున్న ముక్క, మూటలోంచి ఎన్నింటిని ఊడబీకుతుందో పేర్చి చూసుకునేది.

లెక్క సగమే. మిగతా సగం మనుషులు. ఆట చివర్లో ఎవరైనా ముక్కలు చూపించాల్సి వస్తే ఇదివరకు లెనోరా కాఫీ కలుపుకునేది. ఇప్పుడు మెడ సాచి చూసేది. ఈ మనిషి ఇవి పెట్టుకుని మొదట ఎక్కడ పెంచాడు, మధ్యలో ఎలా కాశాడు అని ఇంటికొచ్చి నాతో మళ్లీ ఆడించేది. టోబిన్ మూట పెద్దది, అందులో చెత్త కూడా ఉంటుంది. మేనేజరు బావమరిది మూటకు అడుగే లేదు. గస్ మూట చిన్నది. చిన్నదేగాని అందులో ఆసులొక్కటే లేవన్నది ఆవిడ వాదన. వేసవిలో దారినపోయే ట్రక్కు డ్రైవరొకడు, గస్ సంగతి తెలియక చివరిదాకా నిలబడితే గస్ జాకీల జత తిప్పాల్సి వచ్చింది. మేమంతా ఏదో ఒకనాటి వింత అనుకుని వదిలేశాం. మేము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి.

చదువు మొదలెట్టగానే కాసులు రాలలేదు. పైగా ఇంకొంచెం పోయాయి. సరిగ్గా లెక్కపెట్టి నిలబడినా ఎదుటివాడికి చివరి ముక్క కలిసొచ్చిన రోజులున్నాయి. ఒక సోమవారం పొద్దున ఆవిడ వచ్చి కూర్చుంటూ, ఆట డబ్బులో మిగిలిందంతా ఇదే అని నాతో మెల్లగా అంది. అది ఒక్కసారి కూర్చోవడానికే సరిపోతుంది. పోతే బల్లకు నమస్కారం పెట్టాల్సిందే. నేను మొహం కదపకుండా పేక కలపడం మొదలుపెట్టాను. నిజం చెప్పొద్దూ, ఆవిడ లేని బల్లకు నేను పేక పంచలేను. ఆ నల్లకళ్లద్దాల వాళ్లలో నవ్వడం వచ్చినవాడు ఒక్కడూ లేడు.

ఆ పొద్దుటే జరిగింది ఇది. ఆ పంపకంలో అందరికన్నా ముందు పలకాల్సిన చోటు గస్‌ది. వెనక అంతమంది ఉండగా అక్కణ్ణుంచి పెంచాడంటే గట్టివే ఉండాలి. పెంచాడు. లెనోరా ముక్కల చివర్లు ఎత్తి చూసుకుని గస్ పెట్టినంతే కట్టింది, పెంచలేదు. మిగతావాళ్లంతా బండ కదిలిందని తప్పుకున్నారు. మధ్యలో పది, ఆరు, రెండు తెరిచాను. గస్ కాశాడు, ఆవిడ కట్టింది. ఏడు తెరిచాను. గస్ ఇంకా పెద్దది కాశాడు. ఆవిడ గొలుసు పూసలు ఒకసారి సవరించుకుని కట్టింది. చివరి ముక్క మరో రెండు. గస్ రెండు చేతులూ పందెం బిళ్లల వెనక పెట్టి, ఉన్నదంతా నెట్టాడు. అది ఆవిడ దగ్గరున్నదాని కంటే ఎక్కువే.

అందరికీ తెలుసు. లెనోరా ఇప్పుడు ముక్కలు తిప్పి చూపించి, నీ దగ్గర ఆసులు అంటుంది, పారేస్తుంది. నేను కూడా అదే అనుకున్నాను. పారేస్తే ఇంకా కొంచెం మిగులుతుంది, ఇంకో గంట కూర్చోవచ్చు. పారేయమ్మా అని లోపల అనుకున్నానని ఒప్పుకుంటాను.

ఆవిడ పారేయలేదు. కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. మా మేనేజరు వచ్చి టైమవుతోంది అని కూడా అన్నాడు. ఆ తర్వాత నాకు చెప్పింది ఏం లెక్కపెట్టిందో. తన చేతిలో రాజుల జత. గస్ మొదట పెంచినప్పుడు మూటలో ఉండగలిగినవి పెద్ద జతలు, ఆసూ రాజూ. ఆసూ రాజూ మాత్రమే ఉంటే ఏ జతా పడకుండా మూడు విడతలు కాసే మనిషి కాదు గస్, కాబట్టి అవి తీసేసింది. తనవి పోగా మిగిలిన రెండు రాజులూ గస్ దగ్గరే ఉంటే చెరిసగం, అది ఒక్క రకమే. మింగేవి, ఆసుల జత ఆరు రకాలు, మధ్యలో పడ్డ పదితో కలిసి మూడయ్యే పదుల జత మూడు. మొత్తం తొమ్మిది. లొంగేవి, రాణుల జత ఆరు, జాకీల జత ఆరు. పన్నెండు. జాకీలతో కూడా ఇలాగే కాస్తాడని ట్రక్కు డ్రైవరు పుణ్యమా అని కళ్లారా చూసింది. పైగా అప్పటికే బల్ల మధ్యలో అంత కుప్ప ఉంది. లెక్కంతా అయ్యాక కూడా భయం పోలేదట. భయం పోదు డెల్, దాని మాట వినక్కర్లేదంతే అంది.

కళ్లు తెరిచి గస్ వైపు చూసింది.

“నీ దగ్గర ఆసులుంటే ఉండనీ గస్. అవొక్కటే ఉంటాయని ఎవరన్నారు?” అంటూ తనదంతా ముందుకు నెట్టింది.

చివరి విడతలో పందెం మొదలుపెట్టినవాడు ముందు చూపించాలి, అది నియమం. గస్ వెంటనే తిప్పలేదు. ఒక ముక్క తిప్పాడు. రాణి. కాసేపాగి రెండోది తిప్పాడు. అదీ రాణే. లెనోరా తన రాజుల్ని పక్కపక్కన పెట్టింది. నేను కుప్ప ఆవిడ వైపు తోశాను. నా మొహం కదిలినట్టుంది, పక్కవాడు నా వైపు చూశాడు.

టోబిన్ బల్ల అంచు మీద వేళ్లతో రెండుసార్లు తట్టాడు. బాగా ఆడారని చెప్పడం అది. ఆ పూటకి నాకు వాడి మీద కోపం పోయింది.

గస్ ఆ రాజుల వైపే చూస్తున్నాడు.

“నీ దగ్గర ఆసూ రాజూ అనుకున్నాను,” అన్నాడు. “ఒట్టు. కళ్లకు కట్టినట్టు కనబడింది.”

“ఆసూ రాజూ ఒక్కటేనా? ఇంకేమీ అనుకోలేదా?”

“ఒక్కటే.”

లెనోరా పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టింది. బండలాంటి గస్‌కు ఇది చూసి కంగారు పుట్టింది. డబ్బు నాది పోతే నువ్వెందుకు ఏడుస్తున్నావని అడిగాడు.

“లేవక్కర్లేదు కదా ఇక. రేపు కూడా రావచ్చు. అందుకు,” అంది లెనోరా.

మిగిలిన నాలుగు బిళ్లలూ జేబులో వేసుకుని గస్ లేచి నిలబడ్డాడు. ఆవిడ పారేయకుండా నిలబడిందని అలిగాడనుకున్నాం. లేవడం లేచాడు గాని కుర్చీ వీపు పట్టుకుని అక్కడే ఉన్నాడు. ఆ మనిషి నోటి వెంట నేను విన్న అతి పెద్ద ప్రసంగం ఆ తర్వాత వచ్చిందే.

“పదేళ్లుగా నేను పెంచితే చాలు, మీరంతా పారేస్తారు. మంచి ముక్కలు వచ్చినా అంతే, రాకపోయినా అంతే. ఆసులు వచ్చిన రోజున కూడా చిల్లర ఏరుకుని ఇంటికి పోయాను. ఈ ఊళ్లో నాతో ఎవరూ ఆడరు లెనోరా. ఇక్కడికి రావడం దేనికి, కొట్లో మాంసం కొడుతూ కూర్చోవచ్చు కదా అనిపించేది.”

ఇన్నాళ్లూ అతనికి భయపడిందే గాని, అతని వైపు నుంచి ఆ బల్ల ఎలా ఉంటుందో మాలో ఎవరూ చూడలేదు. లెనోరా కళ్లజోడు పెట్టుకుంది.

“అయితే నిలబడ్డావెందుకు? కూర్చో.”

గస్ గల్లా దగ్గరికి వెళ్లి కొత్త బిళ్లలు కొనుక్కుని వచ్చాడు. ఎదురుగా ఉన్న తన పాత కుర్చీలో కాకుండా, ఓపల్ మానేసిన దగ్గర్నుంచి ఖాళీగా ఉన్న కుర్చీలో, లెనోరా పక్కన కూర్చుని, నన్ను పంచమన్నాడు.